రెండు దారులే తెలిసిన కారు

శుక్రవారం నమాజు అయ్యాక ఫర్ఘలీ ఇంట్లో పెద్ద చేప తలకాయ మహ్రూస్‌కే. ఎవరూ అలా తీర్మానించలేదు, ఏళ్ళ తరబడి జరుగుతూ వచ్చింది. ఫర్ఘలీ భార్య ఇన్షిరా, వేగిన ఉల్లిపాయల రంగెక్కిన అన్నం పెద్ద పళ్ళెంలో పోసి, మీద బూరీ చేపలు పరిచి బల్ల మధ్యన పెట్టేది. మహ్రూస్ చేతులు కడుక్కుని వచ్చి, అన్నిట్లోకీ పెద్ద తలకాయ తన వైపు లాక్కుని, కళ్ళు మూసుకుని చప్పరించేవాడు. ఇంటాయన ఫర్ఘలీకి తోక మిగిలేది. తోకంటేనే ఆయనకి ఇష్టమని అందరూ అనుకునేవారు, ఆఖరికి ఆయన కూడా.

మహ్రూస్‌కి మా రేవు ఊరు పోర్ట్‌సయీద్ బట్టల బజారులో కొట్టుంది. ఫర్ఘలీ ఆ కొట్టులో చొక్కాలు మడతపెడతాడు. ఒకప్పుడు ఎదురుగా ఆయనకీ సొంత కొట్టు ఉండేది. అది పోయినప్పుడు మహ్రూస్ వచ్చి, నువ్వు పరాయివాడి దగ్గర పనికెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోనురా అని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన కొట్టులో కూర్చోబెట్టాడు. ఆ మాట ఫర్ఘలీ కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఒకే వీధిలో పెరిగిన వాళ్ళు, ఓడల మీది నావికులకి ఒకే పడవలోంచి బొమ్మలమ్మిన వాళ్ళు. ఫర్ఘలీకి దేవుడి తర్వాత నమ్మకమంటే మహ్రూసే.

ఆ శుక్రవారం మహ్రూస్ తలకాయ పని పూర్తిచేసి, వేళ్ళు తుడుచుకుంటూ ఒక సంగతి చెప్పాడు. తన కళ్ళు మసకేశాయట. డాక్టరు ఇక కారు నడపొద్దన్నాడట. మారుతి కారుని అమ్మేస్తాడట.

"బజారులో పెట్టను. నువ్వు తీసుకో" అన్నాడు. "మా ఇన్షిరమ్మ మోకాళ్ళతో మినీబస్సు ఎక్కలేకపోతోంది, నేను చూడటంలేదా? నీకైతే స్నేహితుడి ధర."

ఫర్ఘలీ కళ్ళు చెమర్చాయి. ఇన్షిరా పళ్ళెం తీసి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ తెల్ల మారుతి సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పద్నాలుగేళ్ళ కారు. సీట్ల మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా చిరగలేదు. తిరిగింది చూస్తే ఇరవై వేల కిలోమీటర్లు కూడా లేదు. మా ఊళ్ళో కార్లు తక్కువ తిరగడం వింతేమీ కాదు. సుంకం లేకుండా కొన్న కార్లు కనక ఊరి చివరి సుంకం గేటు దాటనివ్వరు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఓడలు తిరిగే కాలువ, ఒకవైపు చెరువు, ఇంక పాపం ఎక్కడికి పోతాయి. కానీ మారుతిది మరీ తక్కువ. ఈ మహ్రూస్ దీన్ని కొన్నది తిరగడానికా, తుడవడానికా అని బజారులో వేళాకోళం చేసేవారు.

ఎవరైనా పాత కారు కొనేముందు ఇంజను వింటారు, కిందకి వంగి తుప్పు చూస్తారు. మా ఊళ్ళో వాటి తర్వాత కారుని నడకకి వదులుతారు. ఇంజను ఆన్ చేసి, గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేకు దించి, కొనేవాడూ అమ్మేవాడూ వెనక సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. కారు మెల్లగా బయల్దేరి, తను ఎక్కువసార్లు ఎక్కడికి వెళ్ళిందో అక్కడికి వెళ్ళి ఆగుతుంది. వేళకి గేదె ఇంటికొచ్చినట్టే. ముందు సీటు ఖాళీగా ఉన్న కారు ఎదురైతే ఎవరో బేరంలో ఉన్నారనుకుని పక్కకి తప్పుకుంటాం. షుగరుందని మిఠాయి ముట్టని లేడీ డాక్టరు కారు తిన్నగా బస్బూసా కొట్టు ముందుకి పోయి ఆగితే, కొన్నాయన ఒక ముక్క తిని, ధర కాస్త తగ్గించి అడిగి, నవ్వుకుంటూ తీసుకెళ్ళాడు. నడక మంచి ఆచారం. నడిచిన కారుని కొన్నవాడు తర్వాత గొణగడు.

కాకపోతే అన్నదమ్ముల దగ్గర, స్నేహితుల దగ్గర నడక అడగరు. అడిగితే, నీ బతుకు విప్పి చూపించు అన్నట్టే. అలా అడిగి వియ్యమందుకోవాల్సిన రెండు కుటుంబాలు మాటలు మానేసిన సంగతి మాకు తెలుసు.

ఆ సాయంత్రం ఇన్షిరా బాల్కనీలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ అడిగింది.

"నడిపించావా?"

"మహ్రూస్ కారుని నడిపించడమేంటి? సిగ్గులేదూ" అన్నాడు ఫర్ఘలీ.

"నడవని కారులో నేను కాలు పెట్టనయ్యా. కొనుక్కుని నువ్వే తిరుగు."

ఇన్షిరాకి ఆ కారు ఎందుకు కావాలో ఫర్ఘలీకి తెలియదు. మోకాళ్ళ కోసమనే అనుకున్నాడు. అసలు సంగతి ఎనిమిదేళ్ళ నాటిది.

అప్పట్లో బజారులో ప్రతి కొట్టువాడూ ఎంతో కొంత సరుకు సుంకం కట్టకుండా గేటు దాటించేవాడు. టైర్లలో పెట్టేవారు, పరుపుల్లో కుట్టేవారు. ఫర్ఘలీ తనకున్నదంతా ఊడ్చి కొన్న బట్టల మూటలు చేపల లారీలో, అన్నిటికన్నా కింది వరస పెట్టెల్లో పెట్టి పంపాడు. సుంకంవాళ్ళు పైపెట్టెలు ముట్టుకోలేదు. తిన్నగా కింది వరసే లాగారు. సరుకు పోయింది, లైసెన్సు పోయింది, కొట్టు పోయింది. ఆ కింది వరస సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఫర్ఘలీ, మహ్రూస్, లారీ నడిపిన రమ్జీ. రమ్జీ ఇన్షిరాకి ఒక్కగానొక్క తమ్ముడు. అంతకు ముందురోజే బావతో కిరాయి దగ్గర మాటామాటా అనుకున్నాడు.

ఫర్ఘలీ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరూ వింటుండగా ఇంటి గుమ్మంలో నిలబడి, రమ్జీ నా గడప తొక్కినా, నువ్వు వాడి గడప తొక్కినా నీకు తలాకే అని భార్య మీద ఒట్టేశాడు. మగవాడి నోటికి వచ్చినంత తేలిగ్గా వచ్చిన ఒట్టు, ఆడదాని నెత్తిమీద ఎనిమిదేళ్ళు కూర్చుంది. రమ్జీ కాలువ అవతల పోర్ట్‌ఫుఆద్‌లో ఉంటాడు. ఫెర్రీ మీద పది నిమిషాల దూరం. వీధిలో నిలబడి మాట్లాడుకోడానికి ఇన్షిరాకి మోకాళ్ళు ఒప్పవు, రమ్జీకి పౌరుషం ఒప్పదు. పండగలకి చుట్టాల చేత ఒకరికొకరు మిఠాయి పంపుకునేవారు, అంతే.

ఈమధ్యే ఇన్షిరాకి ఒక ఆలోచన వచ్చింది. మసీదు ఇమాముగారి భార్యని పట్టుకుని, ఆవిడ చేత ఇమాముగారిని అడిగించింది. కారుకి గడప ఉంటుందా అని. ఆయన గడ్డం నిమురుకుని, చాలాసేపు ఆలోచించి, ఉండదన్నాడు. అయితే తమ్ముడు తన గడప తొక్కక్కర్లేదు, తను వాడి గడప తొక్కక్కర్లేదు. వెనక సీట్లో పక్కపక్కన కూర్చుని టీ తాగొచ్చు. అందుకు ఆమెకి కారు కావాలి. తమ్ముణ్ణి కూర్చోబెట్టే చోటు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో తెలియాలని కూడా ఆమెకి పట్టుదల.

ఫర్ఘలీ వారమంతా కిందా మీదా పడ్డాడు. మెకానిక్కు జనాతీని తీసుకెళ్ళి చూపించాడు. జనాతీ బోనెట్టు ఎత్తి విన్నాడు, కింద పడుకుని చూశాడు, టైర్లు గోటితో గీరాడు. ఇంజను బంగారమన్నాడు. టైర్లు అరగలేదు గానీ ముసలివైపోయాయి, మార్చాలి. రబ్బరు గొట్టాలు గట్టిపడ్డాయి, అవీ మార్చాలి. సముద్రగాలికి తలుపుల కింద కాస్త తుప్పుంది, భయం లేదు. తక్కువ తిరిగిన కారని మురిసిపోకూడదనీ, కూర్చున్న మనిషిలాగే కూర్చున్న కారుకీ కీళ్ళు పట్టేస్తాయనీ చెప్పాడు. మరి తీసుకోమంటావా అని ఫర్ఘలీ అడిగితే, నడిపించి తీసుకో అన్నాడు.

"మహ్రూస్ కారయ్యా ఇది" అన్నాడు ఫర్ఘలీ.

"ఎవరి కారైనా నాకు అది కారే" అన్నాడు జనాతీ, చేతులు తుడుచుకుంటూ.

శుక్రవారం నమాజు అయ్యాక బేరం ఖాయం చేసుకుందామనుకున్నారు. మహ్రూస్ ఇంటి ముందు మారుతి తళతళలాడుతోంది. జనాతీ కూడా వచ్చాడు. మహ్రూస్ ఫాతిహా ప్రార్థన చదవడానికి అప్పటికే చేతులు పైకెత్తాడు. ఫాతిహా చదివాక మాట వెనక్కి తీసుకోవడం మా దగ్గర ఉండదు. ఫర్ఘలీ గొంతు సవరించుకున్నాడు.  నేను కాదురా, ఇన్షిరా పట్టుబడుతోంది, ఆడవాళ్ళ సంగతి నీకు తెలియనిదేముంది అని నసిగి, ఒక్కసారి నడకకి వదులుదామా అన్నాడు.

మహ్రూస్ ఎత్తిన చేతులు దించలేదు. 

"నన్ను నడిపించుకోరా, కారెందుకు" అన్నాడు నవ్వుతూ.

ఫర్ఘలీకి తల కొట్టేసినట్టయింది. వద్దులే అనబోయాడు కూడా. మహ్రూస్ అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. పెట్రోలు తక్కువగా ఉందన్నాడు. అన్నం చల్లారిపోతుందన్నాడు. ఈ ఎండలో వెనక సీటు కాలిపోతుందన్నాడు. పెట్రోలు నిండుగా ఉందని జనాతీ ముల్లు చూసి చెప్పాడు. ఒక మనిషి ఒకదానికి మూడు సాకులు చెప్పడం ఫర్ఘలీకి వింతగా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ తనే సిగ్గుపడ్డాడు. ఆఖరికి ఇద్దరూ వెనక కూర్చున్నారు. జనాతీ ఇంజను ఆన్ చేసి, బ్రేకు దించి, తలుపు మూసి తప్పుకున్నాడు.

మారుతి కదిలింది. మహ్రూస్ మాటల్లో పడ్డాడు. చిన్నప్పుడు పడవలోంచి పడిపోయిన ఇటలీ నావికుడి కథ, ఫర్ఘలీ పెళ్ళిలో తెగిన వీణ తీగ కథ, అన్నీ తెలిసినవే. ఫర్ఘలీ ఊకొడుతూ కిటికీలోంచి చూస్తున్నాడు. కారు బజారు దాటింది, బడి దాటింది, నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చింది. కుడివైపు తిరిగితే ఫర్ఘలీ ఇల్లు. కారు అక్కడ ఆగి ఆలోచిస్తున్నట్టు కాస్త ఊగింది.

"చూశావా, మీ ఇంటికే" అన్నాడు మహ్రూస్. "ప్రతి శుక్రవారం వచ్చేవాణ్ణిగా. దీనికి తెలిసింది మీ ఇల్లే."

ఎడమవైపు లైటు టిక్కు టిక్కుమంది. కారు ఎడమవైపు తిరిగింది. మహ్రూస్ మాట సగంలో ఆగిపోయింది.

ఆ వైపు సముద్రం ఒడ్డున పాత బంగళాలుంటాయి. బజారువాళ్ళకి అక్కడ పనేమీ ఉండదు. మారుతి రెండు సందులు తిరిగి, ఆకుపచ్చ కిటికీల ఇంటి వెనకవైపు చేరి, చిన్న ఇనప గేటు ముందు, చక్రం రాతి అంచుకి ఆనేంత దగ్గరగా ఆగింది. అంత సరిగ్గా ఆగాలంటే ఏళ్ళ అలవాటుండాలి. ఆ ఇల్లు ఎవరిదో ఫర్ఘలీకి తెలుసు. సుంకం అధికారి తౌఫీక్ బే ఇల్లది. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

గేటు తెరుచుకుంది. పనిచేసే ముసలావిడ ఉమ్ అద్లీ కారుని చూసి మొహమంతా నవ్వు చేసుకుని లోపలికెళ్ళి, టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. కిటికీలోంచి మహ్రూస్ చేతికిచ్చింది.

"చక్కెర అయిదు చెంచాలు, ఎప్పట్లాగే" అంది. "సారు పోయాక దారే మర్చిపోయారు బాబూ. ప్రతి శుక్రవారం నమాజు కాగానే గేటు తీసి ఉంచేదాన్ని. మీరు కబుర్లు చెప్పినంతసేపూ సారు ఎంత సంతోషంగా ఉండేవారో. ఆ చేపల లారీ సంగతి చెప్పిన ఏడాది మాకు ఎంత కలిసొచ్చిందీ, సారుకి పెద్ద ఉద్యోగం, నాకు ఈ గాజులు." ఫర్ఘలీ వైపు చూసి, ఈ బాబు ఎవరని అడిగింది.

మహ్రూస్ గ్లాసులోకి చూశాడు. మీకూ టీ తెస్తానుండండి అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది.

కారులో ఇంజను చప్పుడు కూడా వినిపించడంలేదు. అంత నెమ్మదైన కారు. ఫర్ఘలీకి ముందు కోపం రాలేదు. ఎవరో కాళ్ళ కింది నేల పక్కకి లాగేసినట్టయింది. ఎనిమిదేళ్ళుగా తను మడతపెట్టిన చొక్కాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ప్రతి శుక్రవారం మహ్రూస్ ఇక్కడ టీ తాగి, అక్కడికొచ్చి తన బల్ల దగ్గర చేప తలకాయ చప్పరించాడు. బజారులో ఎవరికి అమ్మినా నడక అడుగుతారు. అడగనివాడు ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. స్నేహితుడి ధర అంటే అదీ.

"సుంకంవాళ్ళు నన్ను పట్టుకున్నార్రా" అన్నాడు మహ్రూస్.  "నీ లారీయా, నా కొట్టా అన్నారు. పిల్లలు గలవాణ్ణి. తర్వాత నీకు పని ఇచ్చానా లేదా? నీ ఇంట్లో ఏ లోటైనా రానిచ్చానా?"

ఫర్ఘలీ జేబులోంచి డబ్బు కట్ట తీసి అతని ఒళ్ళో పెట్టాడు. తర్వాత భార్య మందులకని విడిగా దాచుకున్న కట్ట కూడా తీసి, దాని మీద పెట్టాడు.

"ఇదెందుకు? మనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఉంది" అన్నాడు మహ్రూస్.

"స్నేహితుడి ధర నాకొద్దు. పరాయివాడి ధర తీసుకో. దిగు."

మహ్రూస్ దిగాడు. టీ గ్లాసు ఒక చేత్తో, డబ్బు ఒక చేత్తో పట్టుకుని, తలుపు మూయడానికి చెయ్యి లేక నిలబడ్డాడు. ఫర్ఘలీ వంగి తలుపు లాక్కున్నాడు.

కారు తనంతట తనే వెనక్కి తిరిగింది. ఫర్ఘలీ వెనక సీట్లోనే ఉండిపోయాడు. లేచి ముందుకెళ్ళే ఓపిక లేదు. మారుతి నాలుగు రోడ్ల దగ్గర ఈసారి ఆలోచించకుండా తిన్నగా వెళ్ళి, ఫర్ఘలీ ఇంటి గడపకి జానెడు దూరంలో ఆగింది. ఆ కారుకి తెలిసినవి ఈ రెండు దారులే. ఆ గేటు, ఈ గడప. ఇంక దేనికీ తిరగలేదు కనకే మీటరు అంత తక్కువ. అప్పుడు ఏడుపొచ్చింది ఫర్ఘలీకి.

ఇన్షిరా కర్ర పట్టుకుని గుమ్మంలోనే ఉంది. మొగుడు నడిపేవాడు లేని కారులో వెనక కూర్చుని ఏడవడం చూసింది. అంతా విన్నాక ఆమె ఆశ్చర్యపోలేదు. మహ్రూస్ మన ఇంట్లో తిన్నన్నాళ్ళూ ఒక్కసారైనా నా తమ్ముడెలా ఉన్నాడని అడగలేదు, మనసులో ఏమీ లేనివాడైతే అడిగేవాడు అంది. మరి నాకెప్పుడూ చెప్పలేదేం అన్నాడు ఫర్ఘలీ.

"ఒట్టేసేముందు నన్ను అడిగావా, చెప్పడానికి?"

ఇన్షిరా లోపలికెళ్ళి ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి, కాళ్ళు ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. సీటు అటూ ఇటూ నొక్కి చూసింది.

"కారు బాగుంది" అంది. "ఈ ఇంటికి వచ్చిపోయినవాళ్ళలో అబద్ధమాడనిది ఇదొక్కటే. పద, ఫెర్రీకి."

ఈసారి ఫర్ఘలీ ముందు కూర్చుని నడిపాడు. ఫెర్రీ మీద సముద్రపు పక్షులు తలల మీదుగా అరుస్తున్నాయి. ఇన్షిరా కొంగు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. ఎన్నేళ్ళ తర్వాతో తమ్ముణ్ణి చూడబోతోంది. ఫర్ఘలీ నోట్లో మాటలు కూర్చుకుంటున్నాడు. ఒక్కటీ నిలవడంలేదు.

రమ్జీ తన ఇంటి ముందు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు సగం నెరిసింది. అక్కని చూసి లేచాడు. కారులోంచే ఆమె రెండు చేతులూ చాపితే, కిటికీలోకి వంగి ఆ చేతుల మీద తల ఆనించాడు.  తర్వాత నిటారుగా నిలబడి బావ వైపు చూశాడు.

ఫర్ఘలీ కారు దిగి, మహ్రూస్ కారు ఎక్కడికెళ్ళి ఆగిందో చెప్పాడు. నువ్వు కాదని తెలిసిపోయిందిరా అన్నాడు. తప్పయిపోయిందన్నాడు. చేతులు పట్టుకోబోయాడు.

రమ్జీ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు కాదని ఎనిమిదేళ్ళ నుంచీ తెలుసు బావా. ఆ రోజు నుంచి ఈ అరుగు మీదే కూర్చున్నాను, ఎప్పటికైనా వచ్చి అడుగుతావని. నువ్వు చేశావారా అని ఒక్కమాట. కొట్టినా పడేవాణ్ణి. కారునైతే అడిగావు. నన్ను అడగలేదు."

 ఫర్ఘలీ అప్పటిదాకా తనకి జరిగిన ద్రోహమే మోసుకొచ్చాడు. తను చేసింది కూడా అదేనని ఆ వీధిలో నిలబడ్డాక తెలిసింది. మహ్రూస్ అమ్మింది ఒక లారీని. తను వదులుకున్నది మనిషిని.

రమ్జీ అక్క పక్కన వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇంజను నడుస్తూనే ఉందని ఫర్ఘలీకి గుర్తులేదు. ఇన్షిరా ముందుకి వంగి కర్ర వంపుతో హ్యాండ్‌బ్రేకు కిందకి లాగింది. మారుతి మెల్లగా కదిలింది. ఫర్ఘలీ రెండడుగులు వెంట నడిచి ఆగిపోయాడు.

ఫెర్రీ మనిషి, ముందు సీటు ఖాళీగా ఉన్న కారు ఎక్కితే, రోజూలాగే చక్రం కింద కర్రమొద్దు పెట్టి, దిగేటప్పుడు తీశాడు. ఫర్ఘలీ తర్వాతి ఫెర్రీలో, సైకిళ్ళవాళ్ళ మధ్య నిలబడి వచ్చాడు. ఇంటికి చేరేసరికి కారు గడపకి జానెడు దూరంలో, ఎప్పుడూ ఆగేచోటే ఆగి ఉంది. లోపల అక్కాతమ్ముళ్ళు ఫ్లాస్కు మూతలో వంతులేసుకుని టీ తాగుతున్నారు. ఇన్షిరా ఏదో చెబుతోంది, రమ్జీ నవ్వుతున్నాడు. ఆయన్ని చూసి నవ్వు ఆపేశాడు. తలుపు తీయలేదు. ముందు గడప ఉంది, గడప మీద ఒట్టుంది.

ఫర్ఘలీ కారు డిక్కీ తెరిచాడు. జాకీ ఇనపకమ్మీ తీశాడు. తన గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తాతల నాటి చలవరాతి గడప సందులో కమ్మీ దూర్చి పెకలించడం మొదలుపెట్టాడు. రాయి అంత తేలిగ్గా రాలేదు. వేళ్ళు చెక్కుకుపోయాయి. ఇరుగుపొరుగు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు, ఆ ఒట్టు అందరూ విన్నదే. ఆఖరికి గడప ఊడి పక్కకి దొర్లింది. అది ఉన్నచోట తడి ఇసుక, ఒక పాత నాణెం, చీమలు.

రమ్జీ కిటికీలోంచి అంతా చూశాడు. కాసేపటికి కారు తలుపు తెరుచుకుంది. ఒక కాలు బయటపెట్టి, గడప లేని ఇసుక మీద ఆనించాడు. రెండో కాలు కారులోనే ఉంది. చేతిలో మూత ఉంది.

"చక్కెర తక్కువైంది అక్కా" అన్నాడు.

ఇన్షిరా లేవబోయింది. ఫర్ఘలీ ఆమెని కూర్చోమని సైగ చేసి, లోపలికెళ్ళి చక్కెర డబ్బా, చెంచా తెచ్చాడు. మహ్రూస్‌కి టీలో ఎన్ని చెంచాలు కావాలో ఆయనకి నిద్రలో లేపినా తెలుసు. ఈ రమ్జీని చిన్నప్పుడు చేతుల మీద ఆడించాడు, వీడికి ఎన్ని కావాలో తెలియదు. రక్తం కారుతున్న వేళ్ళతో చెంచా పట్టుకుని, కారు పక్కన ఇసుకలో నిలబడ్డాడు.

"రమ్జీ" అన్నాడు. "ఎన్ని చెంచాలు వెయ్యమంటావురా?"

ఎనిమిదేళ్ళలో అతన్ని ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.  ఫర్ఘలీ చెంచా పట్టుకుని ఎదురుచూశాడు.